దించండి అనే మాట

మా నాయన బెల్లం పాకం చూసే మనిషి. చిత్తూరు పక్క పల్లెల్లో ఈ పని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చెరకు గానుగాడించి, రసాన్ని బండి చక్రమంత ఇనుప పెనంలో పోసి, కింద చెరకు పిప్పి మంట వేసి గంటల తరబడి మరిగిస్తారు. రసం చిక్కబడి, బుడగలు చిన్నవై, రంగు తిరిగి ఒక దశకు వస్తుంది. దానికి ముందే దించితే బెల్లం కట్టదు, చేతిలోంచి జారిపోతుంది. దాటితే మాడుతుంది. మధ్యలో ఉండేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు కనిపెట్టి “దించండి” అని చెప్పడమే నాయన పని.

గానుగ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఆ మాట పాకం చూసే మనిషి తప్ప ఇంకొకరు అనకూడదు. గానుగ ఆసామి అయినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. తలా ఒక మాట అంటే పెనం చెడుతుందని పెద్దవాళ్ళు ఏనాడో పెట్టుకున్న పద్ధతి అది. నాయన ముప్పై ఏళ్ళు ఆ మాట అన్నాడు. ఇంట్లో మాత్రం మా అమ్మ మాటే చెల్లేది. “గానుగ కాడ పులి, గడప దాటితే పిల్లి” అని అమ్మ ఎగతాళి చేస్తే నాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

అమ్మ పోయాక నాయన నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను మా ఊరి బడిలోనే పంతులమ్మను. నా భర్త తిరుపతిలో ఒక బట్టల కొట్టులో పని చేస్తూ ఆదివారాలు వచ్చేవాడు. మాకు పిల్లలు లేరు. కాబట్టి ఇంట్లో వారమంతా ఉండేది నేనూ నాయనా.

ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం పొద్దున, నాయన తలకు తువ్వాలు చుట్టుకుని గానుగకు బయల్దేరాడు. చెరకు ఇంకా మోకాలెత్తు కూడా లేదు. “ఇప్పుడు గానుగ యాడుండాది నాయనా?” అంటే, నన్ను కాసేపు చూసి, తువ్వాలు విప్పి దండెం మీద వేశాడు. మర్నాడు మళ్ళీ బయల్దేరాడు. నేను ఓర్పు లేని మనిషిని. బడిలో ఒక ఎక్కం మూడుసార్లు చెప్పాక నాలుగోసారి బెత్తం వైపు చూసే రకం. నాయన ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగితే నా నోరు ఊరుకునేది కాదు. “ఇప్పుడే గదా చెప్పినాను!” అని అరిచేదాన్ని. అరిచి, వంటింట్లోకి పోయి చెంగుతో కళ్ళు తుడుచుకునేదాన్ని. ఆ అరుపులు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఏడు గానుగలు మొదలయ్యాయి. ఒక ఆదివారం నాయనకు సంగటి తీసుకుని గానుగ దగ్గరికి పోయాను. పెనంలో పాకం చివరికి వస్తోంది. నాయన గరిటె పట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. పొయ్యి దగ్గర మంట వేస్తున్నది మామ, అమ్మకు వరుసకు తమ్ముడు, నాయనతో పాటే ముప్పై ఏళ్ళుగా ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషి. పెనం ఎత్తడానికి నలుగురు కడ్డీలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అందరూ నాయన నోటి వైపు చూస్తున్నారు.

వాసన మారింది. తియ్యటి వాసనలోంచి ఒక చేదు ముక్కుకు తగిలింది. నాకు తెలిసింది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలిసింది. ఎవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు, కట్టుబాటు అంత గట్టిది. నాయన పెనాన్ని చూస్తున్నాడు గానీ, పరాయి ఊళ్ళో ఎవరింటి ముందో ఆగినట్టు చూస్తున్నాడు. చివరికి మామ మంటను బయటికి లాగేశాడు. అప్పటికే పెనం నిండా నల్లటి ముద్ద.

నాయన అందరి మొహాలూ చూసి, “ఏమబ్బా, ఎవురూ దించలేదా?” అన్నాడు.



నేను నాయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆ వారం నేనూ నా భర్తా కలిసి తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు నాయనతో బాగానే మాట్లాడాడు. ఈ రోజు ఏ వారం, ఏ నెల అని అడిగాడు. వారం చెప్పాడు నాయన. నెల అడిగితే, “చెరుకు కొట్టే నెల” అన్నాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇది వయసుతో వచ్చే మతిమరుపే గానీ మామూలుది కాదనీ, ఇప్పుడు మొదట్లో ఉందనీ, మెల్లగా పెరుగుతుందనీ, దీనికి మందు లేదనీ చెప్పాడు. తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చుని, “ఏమన్నాడు డాక్టరు?” అన్నాడు. “బలానికి మందు రాసినాడు” అన్నాను. నా భర్త తల తిప్పుకున్నాడు. పక్క సీటులో ఒక ముసలాయన, మేమెందుకు పోయామో తెలుసుకుని, “ఎముక ఇరిగుంటే పుత్తూరులో కట్టు కట్టిచ్చుకోవచ్చునమ్మా. మతికి కట్టు యాడుండాది!” అన్నాడు. ఆయన మంచికే అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ తరవాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాయనకు జ్వరమని గానుగకు కబురు పంపాను. బడికి పోయేటప్పుడు బయట గడియ పెట్టి పోయేదాన్ని. ఊళ్ళో ఎవరు నవ్వుతూ కనిపించినా మా నాయన గురించే అనుకునేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడగకముందే “జ్వరం ఇంకా తగ్గలేదు” అని చెప్పేదాన్ని. నాయన పగలంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. గాలి గానుగ వైపు నుంచి వీస్తే ముక్కు ఎగబీల్చి, “యాలైంది, నన్ను పోనీ” అనేవాడు. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. అంతకు ముందు మరిచిపోయేవాడే గానీ మాట్లాడేవాడు.

పదకొండో రోజో పన్నెండో రోజో, బడి నుంచి వచ్చేసరికి మామ మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల నుంచి నాయన, బయట నుంచి మామ, మధ్యలో మూసిన తలుపు. ఇద్దరూ చెరకు రకాల గురించి మాట్లాడుకుంటున్నారు.

“గడియ పెట్టేదానికి ఆయనేమన్నా కట్టు తెంచుకునే గొడ్డా పాపా?” అన్నాడు మామ.

“ఆడ పెనం మరగతా ఉంటాది మామా. అందులో పడితే ఎవురు దిక్కు?”

“పడకుండా సూసేదానికి మేమంతా సచ్చినామా?”

“ఇంగో పెనం మాడితే?”

“మాడింది ఆయన వల్ల గాదు. మా నోళ్ళ వల్ల. వాసన మా అందరికీ తెలిసె. నీకూ తెలిసె. అవునా కాదా?”

నేను ఏడ్చాను. ఇన్నాళ్ళూ దాచిన ఏడుపు అంతా మామ ముందు ఏడ్చాను. మామ ఓదార్చే మనిషి కాదు, నా ఏడుపు అయ్యేదాకా బీడీ తాగి, “తలుపు తీ” అన్నాడు.

మర్నాటి నుంచి నాయన మళ్ళీ గానుగకు పోయాడు. ఆసామి అడ్డు చెప్పలేదు. “ఆ మాట ఆయన నోట్లోంచి రానీ, మిగతాది మనం సూసుకుందాం” అన్నాడట. పెనానికీ నాయనకూ మధ్య రెండు వెదురు బొంగులు అడ్డంగా కట్టారు. ఎందుకని నాయన అడిగితే, “ఆనుకునేదానికి బావా, కాళ్ళు నొస్తాయి గదా” అన్నారు. మడ్డి తేలడానికి వేసే సున్నపు నీళ్ళు రసంలో రెండుసార్లు పోస్తే బెల్లం నల్లబడుతుంది కాబట్టి ఆ ముంత ఇంకొకరి దగ్గర పెట్టారు. ఇక పాకం దగ్గర పడితే, మామ పొయ్యి ముందు నుంచి తలెత్తి, “యాలైందా బావా?” అని అడిగేవాడు. నాయన ఉలిక్కిపడి, పెనం చూసి, నీళ్ళలో పాకం చుక్క వేసి వేళ్ళతో నలిపి, “దించండి” అనేవాడు. కట్టుబాటు తప్పలేదా మామా అని నేనంటే, “అడగడం వేరు, అనడం వేరు” అని ప్లీడరు మాదిరి వాదించేవాడు.

సాయంత్రం నాయనను ఇంటికి తీసుకొచ్చేది పిప్పి ఎండబెట్టే అక్క. ఆమె నాకు ఏ వరుసా కాదు. ఆమె అత్త కూడా ఇట్లాగే మతి తప్పి పోయిందని తరవాత తెలిసింది. నాయనను దిగబెట్టి ఒక గంట నాతో కూర్చునేది. నాకు ఆమె నేర్పింది ఒకటే. “అడిగినప్పుడంతా మొదటిసారి అడిగినట్టు సెప్పు మే. ఆయనకి మొదటిసారే గదా” అంది. ఎన్ని పుస్తకాలు చదివి పంతులమ్మనైనా నాకు తట్టని సంగతి అది. వెంటనే మారిపోయానని చెప్పను. అరుపులు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

అట్లా రెండు గానుగ కాలాలు గడిచాయి. ఆ రెండేళ్ళూ ఊరు మా నాయనను అరచేతుల్లో పెట్టుకుని చూసుకుంది. దారి తప్పి చెరకు తోటల్లో తిరుగుతుంటే ఎవరో ఒకరు, “రా పెద్దాయనా, మా చెరుకు సూసి పోదువు” అని మాట కలిపి, చూపించి, ఇంటిదాకా తెచ్చేవాళ్ళు. నాకు ఆ ఊరి మీద ఎన్ని కోపాలున్నా, ఆ రుణం మాత్రం కాదనలేను.

మూడో ఏడు, చెరకు అయిపోవస్తున్న రోజుల్లో, బడి సెలవు కాబట్టి నేనూ గానుగ దగ్గరే ఉన్నాను. రసం ఇంకా పల్చగా మరుగుతోంది. మామ ఇంకా తలెత్తలేదు. నాయన ఉన్నట్టుండి, నిటారుగా నిలబడి, పాత గొంతుతో “దించండి!” అన్నాడు.

ఎవరూ కదల్లేదు. చాలా తొందర అది. చూసిన ఎవరికైనా తెలిసేంత తొందర. మామ ఆసామి వైపు చూశాడు. ఆసామి ఒక్క క్షణం ఆగి తలూపాడు. నలుగురూ కడ్డీలు పట్టి పెనం దించేశారు. రసాన్ని చల్లార్చే చెక్క దోనెలో పోసి కలిపారు. ఎంత కలిపినా కట్టలేదు, తేనె మాదిరి అటూ ఇటూ పారింది. “బంగారం మాదిరి వచ్చింది బావా!” అన్నాడు మామ. తక్కిన వాళ్ళూ అదే అన్నారు. నాయన దోనెలో వేలు ముంచి చూసుకున్నాడు. ఒక్కొక్కరి మొహం చూశాడు. తలూపి, తువ్వాలు దులుపుకుని, “పోదాం రామ్మా” అన్నాడు.

కాలవ దాటాక ఆగాడు.

“నిజం సెప్పు. కట్టిందా?”

“లేదు నాయనా. ముందే దించమన్నావు.”

“నాకు తెలిసె.” కొంచెం దూరం నడిచాడు. “వాళ్ళు మంచోళ్ళు. నన్ను కష్టపెట్టకూడదని బాగుండాదన్నారు. వాళ్ళని అననీలే. నువ్వు మాత్రం నాకు నిజమే సెప్పల్ల. నువ్వూ అట్లనే అంటే, నేను యాడుండానో నాకు ఎట్ల తెలుస్తాది?”

“సరే నాయనా” అన్నాను.

మర్నాడు పొద్దున నాయన లేచి, మొహం కడుక్కుని, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. “అమ్మా, నిన్న నేను దించమన్న పెనం కట్టిందా?”

మాట ఇచ్చాను కాబట్టి చెప్పాను. “కట్టలేదు నాయనా.” నాయన మొహంలో నెత్తురు దిగిపోయింది. అప్పుడే మొదటిసారి వింటున్నాడు. ముప్పై ఏళ్ళలో తన మాట మీద చెడిన మొదటి పెనం అది. గోడకానుకుని కూలబడ్డాడు. ఆ పొద్దు అన్నం ముట్టలేదు. మూడో జాముకల్లా మరిచిపోయాడు.

రెండో రోజు మళ్ళీ అడిగాడు, చెప్పాను. మళ్ళీ అదే మొహం, అదే గోడ. మూడో రోజూ అంతే. ఆ సాయంత్రం అక్క వస్తే అంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, “దీనికి నేనేమీ సెప్పలేను మే” అని లేచి పోయింది.

నాలుగో రోజు పొద్దున నాయన వచ్చి అడిగాడు.

“కట్టింది నాయనా” అన్నాను. “రాయి మాదిరి కట్టింది.”

నాయన నా కళ్ళలోకి చూశాడు. అంతలో ఆయన మొహం విచ్చుకుంది.

“నువ్వు సెప్తే నిజమేలే” అన్నాడు. “నువ్వు నాకు అబద్ధం సెప్పవు.”

పీట వేసుకుని కూర్చుని సంగటి పెట్టమన్నాడు. పెట్టాను. కడుపు నిండా తిన్నాడు.