యాదగిరి పాము కోసం పాతబస్తీకి

పొద్దున ఏడూ పదికి మహబూబ్‌నగర్‌లో ప్యాసింజరు ఎక్కాను. చేతిలో ఖాళీ థర్మోకోల్ డబ్బా, సంచిలో గాజుగుడ్డ, చేతి తొడుగులు. పాతబస్తీలోని హుస్సేనీ ఆలం వెళ్లి సీసాలో ఉన్న ఒక చచ్చిన పామును తెచ్చుకోవాలి.

పదేళ్ల కిందట విద్యార్థులతో నల్లమల గుట్టలకు వెళ్లినప్పుడు, దారి పక్కన చచ్చి పడి ఉన్న ఆ చిన్న పామును మా జువాలజీ ల్యాబ్ అటెండర్ యాదగిరి చూశాడు. "సార్, గిసొంటిది మన ల్యాబుల ఒక్కటి గూడ లేదు" అన్నాడు. నేను నవ్వాను. ల్యాబ్‌కు తెచ్చి పొలుసులు లెక్కపెట్టాక నా నవ్వు పోయింది. అది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని పాము. రెండోది దొరుకుతుందేమోనని ఏటా వానాకాలం వెతికాం. దొరకలేదు. ఇప్పుడు ఆ గుట్ట కంకర క్వారీ.

శాస్త్రీయ నామంలో రెండో మాటగా నీ పేరే పెడతానని యాదగిరికి మాటిచ్చాను. అతను రిటైరయిన ఏడాది ల్యాబ్‌కు మరమ్మతులు మొదలై, సీసాలన్నీ వరండాలో పడ్డాయి. "నా కాడ ఉంటది సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అని ఈ సీసాను పాతబస్తీలోని తన సొంతింటికి తీసుకుపోయాడు. మా ఇంట్లో పామును గుమ్మం దాటనివ్వరు కాబట్టి నాకూ ప్రాణం హాయిగా ఉండింది.

నా బద్ధకం తీరి వ్యాసం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. పాము ఒళ్లు ఏదైనా మ్యూజియంలో జమచేసి, ఆ నంబరు పంపితేనే పేరు అచ్చువేస్తామని సైన్సు పత్రిక వాళ్లు రాశారు. అంతలో, పోయిన నెల, యాదగిరి గుండెపోటుతో పోయాడు. మూడో రోజున అతని భార్య అంజమ్మ ఫోన్ చేసి సీసా తీసుకుపొమ్మంది. పేపర్లు దిద్దే డ్యూటీ అయ్యాక వస్తానన్నాను.

జడ్చర్లలో సీతాఫలాల గంపతో ఒకామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. "అండ్ల ఏముంది సార్, ఐస్‌క్రీమా?"

"ఇప్పుడేం లేదమ్మా. వచ్చేటప్పుడు పాము ఉంటుంది."

ఆమె గంపను తన వైపు జరుపుకుంది. షాద్‌నగర్ దాటాక మనసు మార్చుకుని ఒక పండు ఇచ్చింది.

పాతబస్తీకి వెళ్లేవాళ్లు కాచిగూడ దాకా పోకుండా ఫలక్‌నుమాలో దిగడం నయం. నేను దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక ఆటో ఎక్కాను. శాలిబండ దగ్గర పావుగంట ఆగిపోయాం. "ఫికర్ నక్కో సాబ్, రోజూ ఇదే లొల్లి" అన్నాడు డ్రైవరు. పదిన్నరకు హుస్సేనీ ఆలం గల్లీలో దింపాడు.

రెండు గదుల ఇల్లు. గోడ మీద యాదగిరి ఫొటో, దానికి దండ. దాని కింద గూట్లో సీసా కనబడింది. తళతళా కడిగి బోర్లించి ఉంది.

"పామేదమ్మా?"

"సాగనంపినం సార్" అంది అంజమ్మ, నీళ్ల గ్లాసు ఇస్తూ. "సర్పం గద. పానం పోయినంక అగ్గి పెట్టకుండ గిన్నేండ్లు సీసల నిలవెట్టినం. గందుకే ఆయన గట్ల పోయిండని అందరన్నరు. మీకు ఫోన్ గూడ చేసిన. మీరు రాలే. పెద్దదినం నాడు పసుపు రాసి, పాలు పోసి, రాగి పైస పెట్టి పురానాపూల్ కాడ కాలవెట్టినం. మస్తు జల్ది అంటుకున్నది సార్. దానికి మోక్షం వచ్చిందనుకున్నం."

పదేళ్లు స్పిరిట్‌లో నానిన ఒళ్లు అంటుకోక ఏం చేస్తుంది?

నేను ఖాళీ సీసాను చేతిలోకి తీసుకోవడం చూసి, "తప్పు జేసిన్నా సార్?" అంది. ఆమె కళ్లు యాదగిరి ఫొటో వైపు పోయాయి.

తప్పు నాది. ఫోన్ వచ్చిన రోజే రైలెక్కి ఉంటే పామూ ఉండేది, పేరూ ఉండేది. ఆ మాట ఆమెకు చెప్పి ఏం లాభం? "లేదమ్మా. మంచిపనే చేశారు" అన్నాను. ఆమె అన్నం పెట్టింది. పప్పుచారు, వంకాయ కూర. ఏడవలేక తిన్నాను.

బయలుదేరుతుంటే, "ఆయన పేరు పాముకు పెడ్తనన్నరు గద, పెట్టిన్రా?" అని అడిగింది. తలూపాను. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

సాయంత్రం నాలుగున్నరకు ఫలక్‌నుమాలో తిరుగు రైలు. ఖాళీ డబ్బాను కాళ్ల కింద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇరవై ఏడేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. ఒక్క పామును కాపాడలేకపోయాను. యాదగిరి నా నుంచి కోరింది అదొక్కటే.

షాద్‌నగర్ దగ్గర ఫోన్ మోగింది. అంజమ్మ. "సార్, నెల మాసికానికి ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. ఆయన ఫొటో కింద పాము పేరు గూడ ఏపిస్తం. షాపాయనకు జర జెప్పుండ్రి."

షాపతను లైన్‌లోకి వచ్చాడు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాను. రెండు మాటల పేరు, రెండో మాటలో యాదగిరి. రైలు పెట్టెలో జనం నా వైపే చూస్తున్నారు. ఆ పేరు అచ్చయ్యేది ఆ గల్లీలో, ఆ ఒక్క ఫ్లెక్సీ మీదే.

అతను మొత్తం చదివి వినిపించి, "కరెక్టేనా సార్?" అన్నాడు.

"కరెక్టే" అన్నాను.