చేటలో వాన

మొన్న మా అమ్మాయి తన ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. కాఫీ తాగావా అమ్మా అని అచ్చం దాని గొంతే అడుగుతోంది, అదేమో నా ఎదురుగా పెదవి కదపకుండా నవ్వుతూ కూర్చుంది. అదంతా మిషను పలికించడమట. "ఇకమీద ఫోన్లో గొంతు విని ఎవర్నీ నమ్మబాకమ్మా, అంతా ఫ్రాడే" అని హెచ్చరించింది. లోకం ఇప్పుడు కొత్తగా భయపడుతున్న ఆ సంగతితో నేను మద్రాసు కోడంబాక్కంలో కాపురం పెట్టిన నాటినుంచీ వేగుతున్నానని దానికేం తెలుసు? నా ఈడు వాళ్ళతోనైతే చెప్పుకోవచ్చు.

మా ఆయన సినిమాలకు చప్పుళ్ళు చేసేవారు. తెరమీద బొమ్మ నడుస్తుంటే చూస్తూ మైకు ముందు కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరిగెత్తించేవారు, చేటలో బియ్యం అటూ ఇటూ ఆడించి వాన కురిపించేవారు, హీరోయిన్ చేతులు గలగలలాడాలంటే పొద్దున్నే నా గాజులు అడిగి జేబులో వేసుకుపోయేవారు. తెరమీది ముఖం బొంబాయి అమ్మాయిది, గాజులు నావి, గొంతు మాత్రం డబ్బింగ్ చెప్పే ఇంకొకావిడది. ఆవిడను నేను అప్పటికి చూసింది లేదు గానీ, సాయంత్రం కాఫీ తాగుతూ ఆవిడ ఏడుపు సీను ఎంత బాగా చెప్పిందో ఆయన వర్ణిస్తుంటే, నా కాఫీలో చక్కెర సరిపోయిందో లేదో కూడా ఏనాడూ చెప్పని మనిషి ఈయనేనా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆయన క్యారియరు మరిచిపోతే నేనే తీసుకెళ్ళాను. రికార్డింగ్ గదికి పెద్ద అద్దం ఉండేది, బయటినుంచి లోపలి మనుషులు కనిపిస్తారు గానీ ఒక్క ముక్క వినబడదు. ఆవిడేనని చూడగానే అనుకున్నాను, మైకు ముందు నిలబడి ఏదో చెబుతోంది. తన వంతు కోసం ఓ మూల చేట పట్టుకుని నిలబడ్డ మా ఆయన రుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. పెళ్ళయ్యాక ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు. క్యారియరు అక్కడి బల్లమీద పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచి వచ్చేశాను.

సాయంత్రం నిలదీస్తే ఆయన కోపగించుకోలేదు. "నువ్వు చూసినావు గానీ వినలా. నేను ఆడ రోజంతా వింటా ఉండాను, ఏది నిజం ఏడుపో నాకే తెలీదు. నీకెట్టా తెలుస్తాది?" అన్నారు. నువ్వు తప్ప నాకెవరున్నారని మెల్లగా అన్నారు కూడా, ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త వణికింది. ఇంకొకతైతే అక్కడికే కరిగిపోయేది. బియ్యంతో వాన కురిపించే మనిషికి గొంతు వణికించడం ఒక లెక్కా అనుకుని నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆయన పోయినప్పుడు ఆవిడ వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఎక్కడైనా తేడా దొరుకుతుందేమోనని నా ఏడుపు ఆపుకుని మరీ విన్నాను. సినిమాల్లో ఏడ్చినట్టే ఏడ్చింది. ఇది కూడా నటనే అనుకోవాలో, సినిమాల్లోనూ నిజంగానే ఏడ్చేదేమో అనుకోవాలో తేల్చుకోలేకపోయాను. పాపం ఎంతగా ఏడ్చిందో చూడమని పక్కింటావిడ అంటే ఆ దుఃఖంలో కూడా నాకు కడుపు మండింది, నాకంటే ఎక్కువ ఏడ్చిందనేగా దానర్థం!

ఆ రికార్డింగ్ గది ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. ఆవిడా పోయిందని ఎవరో చెప్పారు. ఆయన మనసులో ఏముండేదో నాకు తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. ఈ అసూయ మాత్రం, ఇదిగో ఇది రాస్తున్నప్పుడు కూడా గుండెల్లో మండుతూ, ఉందా లేదా అన్న సందేహానికి చోటివ్వకుండా ఉంది. ఆ రోజుల్లో అనుమానం వస్తే అడగడానికి ఎదురుగా ఆయన ఉండేవారు. ఏదో ఒక జవాబు చెప్పేవారు, నేను నమ్మేదాన్ని కాదు, మర్నాడు మళ్ళీ అడిగేదాన్ని. ఇప్పుడు నమ్మకపోవడానికైనా ఆయన లేరు.