రివాల్వరు నిర్దోషి అని తేల్చిన రోజు

ముందు పోయినవి చెప్పేస్తాను. ఒక పూట భోజనం, ఎడమ చెవిలో రెండు రోజుల వినికిడి, పులివెందులలో చొరవగా ఎక్కగలిగిన ఒక గడప, 'అల్లుడా' అనే పిలుపు. ఇంకొకటి కూడా పోయింది, దాన్ని ఏ వరుసలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక పత్తి మండీలో గుమాస్తాను. పదో తరగతి తప్పినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని గర్వం. లెక్క సరిగ్గా ఉంటే మనుషులు కూడా సరిపోతారని నమ్మే వయసు.

పులివెందులలో ఉండే మా మేనమామ నడుముకు వాళ్ల నాయన నాటి లైసెన్సు రివాల్వరు ఉండేది. ఆయన దాన్ని కాల్చగా ఎవరూ చూడలేదు. పంచె సర్దుకునే నెపంతో చూపించడం మాత్రం ఊరంతా చూసింది. ఎన్నికలొస్తే దాన్ని స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకోవాలి. ఒకసారి అలా తెచ్చుకున్నాక ఆయనకు అనుమానం పట్టుకుంది. "బరువు తగ్గినట్టుండాదిరా అల్లుడా. లోపల యేమన్నా మార్చినారేమో. దీన్ని నమ్మచ్చో ల్యాదో చూడాల" అన్నాడు. జమ్మలమడుగు దారిలో, పని ఆగిపోయిన బండల గనిలో ఒక చిన్న షూటింగ్ రేంజి ఉండేది. తూటాల లెక్క చూడ్డానికి నన్నూ అక్కడికి రమ్మన్నాడు. ఇదే అదనని మా అమ్మ నా సంచిలో తమలపాకులు, వక్కలు పెట్టింది. "మీ మామ నవ్వుతా ఉండే గడియ చూసి ఇవి చేతిలో పెట్టి పిల్లనడుగు. చెల్లెలు అడిగితే బరువు, అల్లుడు అడిగితే ముద్దు" అంది. (పిల్ల అంటే మామ కూతురు, నా మరదలు. ఆమెకూ ఇష్టమేనన్న సంగతి మా ఇద్దరికే తెలుసు.)

భోజనం క్యారియరు పట్టుకుని ఆ పిల్ల కూడా జీపులో వచ్చింది. దిగుతూనే నా పక్కకొచ్చి, "బావా, మా నాయన యేమన్నా ఊఁ అను. ఈ పొద్దు నీ లెక్కలొద్దు" అంది. ఊఁ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

రేంజి చూసుకునేది పటాలంలో పనిచేసి వచ్చిన ముసలాయన, అందరికీ హవల్దారు తాత. పన్నెండు తూటాలు తెచ్చాం. మొదటి ఆరు మామ కాల్చాడు. కాల్చే ప్రతిసారీ రెండు కళ్లూ మూసి, గడ్డం పైకెత్తి, సూదిమందు వేయించుకునేవాడిలా బిగుసుకున్నాడు. ఎదురుగా అట్టకు అంటించిన కాగితం మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. పక్కనున్న బండ ఒకటి పెచ్చులూడింది. "చూసినావా! గురి పోయింది. మార్చినారు దీన్ని!" అని మామ దాదాపు సంతోషపడ్డాడు. తాత రివాల్వరును ఇసుక మూట మీద ఆనించి మిగిలిన ఆరూ కాల్చాడు. ఆరూ కాగితం మధ్యలో పడ్డాయి.

తాత లోకం తెలిసినవాడు. "నువ్వు కాల్చిన తూటాలు చెమ్మ పట్టింటాయిలే పెద్దాయనా" అన్నాడు. మామ ముఖం విప్పారింది. అమ్మ చెప్పిన గడియ అదే. మరదలు నా వైపు చూసి చిన్నగా దగ్గింది. నేనేమో, "చెమ్మ పడితే పేలవు గద తాతా? పన్నెండుకు పన్నెండూ పేల్నాయి" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవాలనిపించింది. చేతికి బద్ద దొరకలేదు. సంచిలోంచి ఒక తమలపాకు తీసి కాగితం మీద పెట్టాను. "చూడు మామా, ఆరూ ఒక్క ఆకు కింద దాక్కున్నాయి. తుపాకీకి గురి ఉండాది."

"ఉంటే?"

మరదలు మళ్లీ దగ్గింది, ఈసారి గట్టిగా.

"ఉంటే ఇంగ మిగిలింది నువ్వే గద మామా."

హవల్దారు తాత ఉన్నట్టుండి ఇసుక మూట దులపడం మొదలుపెట్టాడు. మామ నా చేతిలోని ఆకునే చూశాడు. "అది యాడిదిరా?"

"అమ్మ పంపించింది. నీ చేతిలో పెట్టి... పిల్లనడగమని."

"బొక్కలు కొల్చిన ఆకుతో నా బిడ్డనడుగుతాండావా? నా మీద గురి ల్యానోనికి నా బిడ్డెందుకప్పా?"

గురి అంటే తుపాకీది మాత్రమే కాదు, మనిషి మీద నమ్మకం కూడా. తెలుగు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఈ రెండో అర్థం ఆ పూట నా బుర్రకు తట్టలేదు. క్యారియరు మూత తీయకుండానే జీపు వెళ్లిపోయింది. 'అల్లుడా' పోయి, దారిన పోయేవాళ్లను పిలిచే 'అప్పా' వచ్చింది. వెనక సీట్లో ఆమె మలుపు దాకా నా వైపు తల తిప్పే ఉంది.

ఆమెను చక్రాయపేట వైపు ఇచ్చారు. మంచి మనుషులేనట. చాలా ఏళ్ల తర్వాత ఈమధ్య జమ్మలమడుగులో ఒక పెళ్లిలో కనిపించింది. జుట్టు నెరిసింది, నవ్వు నెరవలేదు. వక్కపొడి చేతిలో వేసుకుంటూ, "ఏం బావా, ఇప్పుడన్నా అబద్ధమాడేది నేర్చుకున్యావా?" అని అడిగింది. నేర్చుకున్నానంటే అది నిజమో అబద్ధమో తేల్చుకోలేక నోరు తెరిచి నిలబడ్డాను. ఈలోగా ఎవరో పిలిస్తే నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ప్రొద్దుటూరు బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆలోచించాను. మండీలో ఎవరికీ ఏమీ బాకీ లేను. ఆమెకు మాత్రం ఉన్నాను. ఒకటి. ఒక్క జవాబు.