గెలలు కోసేవాడి మెడ

అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ గెలలు కోసేవాళ్లను మెడ చూసి గుర్తుపట్టొచ్చు. పొడవాటి గొట్టం చివర కొడవలి కట్టి, పొద్దస్తమానం తల పైకెత్తి కోసీ కోసీ మెడ ఓ పక్కకు వాలిపోతుంది. అందుకే మా ఆయన తల పక్కకు వంచి చూడడం మొదలుపెడితే ఎవరూ పట్టించుకోలేదు. "ఇప్పుడు అసలైన కోతగాడైండు" అని తోటివాళ్లు నవ్వారు. మా అత్త ఆముదం కాచి మెడకు రుద్దింది.

నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే ఆయన నా చెవి పక్కనున్న గోడను చూసేవాడు.

"ఏందయ్యా, గోడతోని కాపురం చేస్తున్నవా?"

"మెడ పట్టింది, ఊకో."

ఆయన కోస్తే కింద రాలిన పండ్లు ఏరేది నేనే. గెల తెగేముందు ఆయన "జరుగు" అనాలి, నేను జరగాలి. గెలంటే అరటిగెల కాదు, ఒళ్లంతా ముళ్లున్న బండ. నెత్తిన పడితే మనిషి మిగలడు.

ఒక రోజు పొద్దున ఆ గోడ చూపు మీదే గొడవపడి, అలిగి, మాటాపలుకూ లేకుండా ఏరుతున్నాను. గొట్టం లాగబోయే ముందు ఆయన కిందికి చూశాడు. సూటిగా నన్నే చూశాడు. చూసి, లాగాడు.

ఎట్లా దూకానో నాకే తెలియదు. గెల నా కొంగు మీద పడింది. ఆయన తల పక్కకు వంచి నన్ను వెతుక్కున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆడ ఎవ్వరు లేరనుకున్న," అన్నాడు.

సత్తుపల్లిలో కళ్ల డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు కళ్లలోనూ నడిమి చూపు పోయింది, అంచులే మిగిలాయి. ఆ అంచుల్లోంచి చూడడానికే తల వంచుతున్నాడు. పోయిన చూపు తిరిగి రాదు.

తిరుగు బస్సులో నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే కొడవలి పట్టనిస్తరా? నాకింకో పని రాదు."

"మరి ఇన్నాళ్లు నేనెక్కడున్ననో నీకెట్ల ఎరుక?"

"నీ నోరు మూతపడదు గదా. మాట వచ్చే దిక్కు కొడవలి పెట్టేటోణ్ని కాదు."

ఆయన తల వంచి, అంచు చూపుతో నన్ను చూశాడు.

"రేపు కోత ఉన్నది. మాట్లాడుకుంటనే ఏరు," అన్నాడు.