భోక్త మానేసిన అన్నం

సోమయాజులు గారి వృత్తి భోజనం. రాజమండ్రి ఇన్నీసుపేటలో ఎవరింట తద్దినం వచ్చినా పితృస్థానంలో భోక్తగా ఆయన్నే కూర్చోబెట్టేవారు. పోయిన తండ్రి పేరు చెప్పి కొడుకు వడ్డించినదంతా భోక్త తినాలి. చివర్లో కొడుకు "తృప్తి అయిందా?" అని అడిగితే "అయింది" అనాలి. సోమయాజులు గారు ఆ మాట విస్తరి ఖాళీ చేశాకే అనేవారు. అందుకే ఆయనకు గిరాకీ.

2003లో ఆయన కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ పుండయి మానలేదు. డాక్టరు రక్తపరీక్ష చూశాడు, పొట్ట చూశాడు, మాత్రలు రాశాడు.

"అన్నం తగ్గించడం కాదండి, మానేయాలి. బరువు దిగకపోతే ఆ కాలు తీసేయాల్సొస్తుంది."

భార్య మాణిక్యాంబ ఆ మాట పట్టుకుంది. బియ్యం డబ్బా అటకెక్కింది. పొద్దున్న నానబెట్టిన పెసలు, మధ్యాహ్నం ఆనపకాయ కూర, పెరుగు, రాత్రి తోటకూర, గుప్పెడు వేరుశనగలు.

"పశువుల దాణాలా ఉందే ఇది."

"పశువులకి షుగరు లేదు కదండీ, తినండి."

వేసవికి పొట్ట కరిగింది. పుండు ఎండింది. పంచె నడుం చుట్టూ మరో చుట్టు తిరిగింది. గోదావరి గట్టు మీద ఆగకుండా నడుస్తున్నారు.

పిలుపులు మాత్రం తగ్గాయి. విస్తట్లో కూరలు, గారెలు తిని, అన్నమూ పరమాన్నమూ పక్కకు నెట్టి "అయింది" అనేవారు. "మా నాన్న ఈ ఏడు ఆకలితోనే వెళ్ళాడు" అని ఒకాయన పురోహితుడితో అన్నాడు. ఆ మాట వీధంతా తిరిగింది. సోమయాజులు గారికి వేరే పని చేతకాదు.

కార్తీకంలో బ్యాంకు ఉద్యోగి ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. వాళ్ళ నాన్న తద్దినానికి ఏటా ఈయనే భోక్త.

"ఈసారీ మీరేనండి. కాకపోతే అమ్మ ఒక మాట చెప్పమంది. నాన్నగారికి పరమాన్నం ప్రాణం. అది విస్తట్లో మిగిలిపోతే ఆవిడ తట్టుకోలేదండి."

"మిగల్చను. చెప్పానని చెప్పు."

అతను వెళ్ళాక మాణిక్యాంబ గదిలోంచి వచ్చింది. "కాలు గుర్తుందా?"

"ఒక్క పూట. ఈ ఇల్లు కూడా పోతే ఇంకెవరు పిలుస్తారే?"



ఆయనకో లెక్క తోచింది. ఎక్కువ తినబోతున్నారు గనుక మాత్ర కూడా ఎక్కువే వేసుకోవాలి. తద్దినం నాటి పొద్దున్న రెండింతలు మాత్రలు మింగి బయల్దేరారు. భోక్త ముందురోజు రాత్రి తినకూడదు. మర్నాడు వడ్డన దాకా మందు తప్ప ఏమీ ముట్టకూడదు. ఆ నియమం ఆయన ఎన్నడూ తప్పలేదు.

పురోహితుడు యానాంలో మరో కార్యం ముగించుకుని ఆలస్యంగా వచ్చాడు. హోమం వేళకే సోమయాజులు గారి ఉత్తరీయం చెమటతో తడిసింది. చేతులు వణుకుతున్నాయి. ఉదయ్‌భాస్కర్ భార్య కౌముది వంటింటి గుమ్మంలోంచి చూసింది.

"శాస్త్రిగారూ, ఆయనకి షుగరండి. కాస్త బెల్లం నీళ్ళివ్వనా?"

"భోక్త ముందే ఎంగిలిపడితే తద్దినం చెడుతుందమ్మా. ఇంకెంతసేపు, వడ్డనే కదా!" అన్నాడు పురోహితుడు.

ఆమె అప్పటికే గ్లాసు తెచ్చింది. సోమయాజులు గారే చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు తల్లీ. విస్తట్లోనే తింటాను."

విస్తరి పడింది. పరమాన్నం ముందుగా వడ్డించారు. మంత్రం ఇంకా సాగుతుండగానే ఆయన విస్తట్లోకి ఒరిగిపోయారు. పరమాన్నం చెంపంతా అంటింది. నోట్లోకి మెతుకు పోలేదు.

"ఖాళీ కడుపున మాత్రలతో షుగరు పడిపోయింది. చెమటలు పట్టినప్పుడే చెంచాడు పంచదార నోట్లో వేసి ఉంటే బతికేవారు" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. సోమయాజులు గారు మళ్ళీ కళ్ళు తెరవలేదు. రెండు కాళ్ళతోనే పోయారు.

ఆ రోజు తద్దినం ఆగలేదు. కోటిలింగాల రేవు నుంచి ఇంకో భోక్తను తీసుకొచ్చారు. ఆయన పరమాన్నం మారు వేయించుకున్నాడు.

ఏడాది తిరిగి సోమయాజులు గారి తద్దినం వచ్చింది. మరిది కొడుకు పెట్టాడు. భోక్త రాగానే మాణిక్యాంబ ఎదురెళ్ళింది.

"మీకు షుగరుందా బాబూ?"

"ఉందండి."

"పొద్దున్న మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానండి."

ఆమె లోపలికెళ్ళి పంచదార కలిపిన పాలు తెచ్చింది. పురోహితుడు కంగారుపడ్డాడు. "అమ్మా, ఎంగిలి..."

"ఈ తద్దినం మా ఆయనదే కదండీ. ఆయనకి నేను చెప్పుకుంటాను."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.