తపస్సు మాను వీడియో

పెద్ద పెద్ద ఫైళ్లను నెట్ మీద పంపించే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. రేణిగుంట ఫ్యాక్టరీల కెమెరాల్లో పడిన వీడియోలన్నీ తిరుపతిలోని మా ఆఫీసు మీదుగా ఎక్కడికో పోతుంటాయి. లారీలు వెనక్కి తిరగడం, గేట్లు మూసుకోవడం. ఎవడు చూస్తాడో దేవుడికెరుక. వాటిని రోజూ పంపే నాకు మా నాయన వీడియో ఒక్కటి తెప్పించుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

పూతలపట్టు దగ్గర మా ఊరి తిరునాళ్లలో ఏటా తపస్సు మాను ఎక్కేది నాయనే. తపస్సుకు పోయే వీరుడి వేషం కట్టి, పద్యాలు పాడుతూ, కొబ్బరిచెట్టంత మాను చివరికెక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరేవాడు. అమ్మ మాత్రం భయంతో కొంగు మొహం మీదికి లాక్కుని కూర్చునేది. అంతా అయిపోయిందని ఎవరైనా చెబితే తప్ప తలెత్తేది కాదు. నాయన పోయాక ఒకరోజు, "మీ నాయన పైన ఎట్లుంటాడో నేనెప్పుడూ సూళ్లేదు మే, ఒకసారి సూపించు" అంది. అమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు.

నాయన చివరిసారి ఎక్కినప్పుడు వీడియో తీసిన మా ఊరి అబ్బాయి ఇప్పుడు కువైట్‌లో డ్రైవరు. హార్డ్ డిస్కూ వెంట తీసుకుపోయాడు. పాపం, అడగ్గానే వాట్సాప్‌లో పంపాడు. అది వీడియోను పిండి పిప్పి చేసింది. మాను తెలుస్తోంది, మనిషి తెలియడం లేదు. నాయన మొహం ఉండాల్సిన చోట ఒక మచ్చ, గొంతు ఉండాల్సిన చోట ఒట్టి గరగర. అమ్మకు చూపించబుద్ధి కాలేదు, నేనే చూసి ఏడ్చాను.

అసలు ఫైలు పంపమంటే, వాళ్ల గదిలో అందరికీ కలిపి ఒకటే నెట్టు. సగం వచ్చేది, తెగేది.

"అక్కా, మళ్లా మొదట్నించి పోతాండాది" అనేవాడు.

"ఆపేయబ్బా, నేనే ఏదో ఒకటి చేస్తా" అన్నాను.

అతని లాప్‌టాప్‌కు సరిపడా ఒక చిన్న ప్రోగ్రాం రాసి పంపాను. అది ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పంపి, అందిందని ఇటునుంచి జవాబు వస్తేనే తర్వాతిది పంపుతుంది. తెగితే ఆగిన చోటినుంచే మొదలుపెడుతుంది. నాయన పద్ధతీ ఇదే. ఒక మెట్టెక్కి పద్యం పాడి, కింద జనం గోవిందా అనేదాకా ఇంకో మెట్టు మీద కాలు పెట్టేవాడు కాదు. ఎవరూ అనకపోతే "నోట్లో ఏం పెట్టుకోనుండారప్పా?" అని పైనుంచే కసిరేవాడు. ఆ గొంతు మళ్లీ వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. జీతం కోసం రాసిన ఏ ప్రోగ్రాం ముందూ నేనంత ఆశగా కూర్చోలేదు.

ఒక ఆదివారం పొద్దున మొత్తం వచ్చేసింది. టీవీకి తగిలించి అమ్మను కూర్చోబెట్టాను. చెమటకు కారిన రంగు, కాళ్లకు గజ్జెలు, కొంచెం బొంగురుపోయిన గొంతు, మా నాయనే. అమ్మ రెప్ప వేయలేదు. "ఎంత బాగుండాడు సూడు" అంది, కాస్త సిగ్గుపడుతూ. నాయన చివరిదాకా ఎక్కాడు. నిమ్మకాయలు విసిరాడు. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

మిగతాది రాలేదేమోనని కువైట్‌కు ఫోన్ చేశాను.

"అంతే అక్కా, కార్డు నిండిపాయ. దిగేది నేను తియ్యలే" అన్నాడు.

టీవీలో నాయన చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది.

"దిగి రమ్మను మే" అంది. "ఎక్కి శానా సేపాయ."

నేను రిమోట్ పట్టుకుని నిలబడ్డాను.