ఒళ్ళో బిడ్డల లెక్క

దొర్నిపాడు నుంచి ఆళ్ళగడ్డకు ఆటో తోలే నరసింహులు బండెక్కే ప్రతి గుంపునూ ఒకే మాట అడిగేవాడు. "కూచునేటోళ్ళెందరు, ఒళ్ళోవాళ్ళెందరు?"

కూచునేవాళ్ళే లెక్క. ఒళ్ళో బిడ్డలకు చార్జీ లేదు, చోటూ లేదు. ఈ సూత్రం అతను సొంతంగా కనిపెట్టింది కాదు. కొలిమిగుండ్ల బండల గనుల్లో పనిచేసిన వాళ్ళ నాయన రాతిదుమ్ముకు ఊపిరి చెడి మంచం పట్టాక, నరసింహులు ఇంటరు మానేసి బస్సు కండక్టరు కావాలని తిరిగాడు. ఉద్యోగం రాలేదు. ఒక సమ్మెకాలంలో మాత్రం నంద్యాల రూట్లో తాత్కాలిక కండక్టరుగా సంచీ తగిలించుకున్నాడు. అయిదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదని అక్కడ నేర్చుకున్నాడు. సమ్మె ముగిసింది, సంచీ తిరిగి ఇచ్చేశాడు, ఆ మాట మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఆటో కొన్నప్పుడు దాన్నే తన బండికి చట్టం చేసుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. పైగా మంచివాడన్న పేరొచ్చింది.

నిజంగానే మంచివాడు. పురిటి నొప్పులంటే అన్నం ముందునుంచి లేచి వచ్చేవాడు. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకొని దించేవాడు. భార్య నాగలక్ష్మి మిరపకోతలకు పోయి, పత్తి తీసి, అతని సంపాదనకు తన కూలి కలిపి రెండు గదుల మిద్దె కట్టించింది. ఆ మిద్దె గోడలకు నీళ్ళు పట్టింది కూడా ఆమే. "ఇల్లు నాది, బండి ఆయప్పది" అని నవ్వుతూ చెప్పేది. కాగితాల్లో రెండూ నరసింహులు పేరుమీదే ఉన్నాయి.

ఒక ఆదివారం ఆళ్ళగడ్డలో క్రైస్తవ కుటుంబాల కూడిక ఉంది. ఊరి నుంచి ఆరుగురు పెద్దలు, వాళ్ళ ఒళ్ళలో ముగ్గురు బిడ్డలు ఎక్కారు. ముగ్గురు ప్రయాణికులకు రిజిస్టరైన బండి అది. పెద్దాయన ఓబయ్య, ఇంకొకాయన డ్రైవరుకు చెరో పక్కన సర్దుకున్నారు. వెనక సీట్లో నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ప్రేమకుమారి చిన్నది. భర్త నందికొట్కూరులో మేస్త్రీ పనిమీద ఉన్నాడు. నాలుగేళ్ళ కూతురు ఫెబాను ఒళ్ళో పెట్టుకొని అంచున కూచుంది.

"నరసింహులన్నా, ఇంకొకరుంటే నీ తలకాయమీద కూచోబెట్టుకో" అన్నది ఆమె.

"నా తలకాయమీద మీ వదిన కూచోనుండాది. ఖాళీ లేదు."

బండంతా నవ్వింది. ఆళ్ళగడ్డ ఇంకా రాలేదు. మలుపులో ఎదురుగా గొర్రెలు అడ్డం వచ్చాయి. నరసింహులు వేగంగా ఏమీ పోవడం లేదు. కానీ మూడు చక్రాల బండికి వెనక బరువు పెరిగేకొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, రోడ్డును గట్టిగా పట్టుకోదు. అతను హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. అది సగం తిరిగి ఓబయ్య మోకాలికి తగిలి ఆగింది. రెండోసారి తిప్పేలోపే బండి పక్కకు ఒరిగి పడిపోయింది.

ఓబయ్యకు మెడ కింది ఎముక విరిగింది. ఇద్దరు ఆడవాళ్ళకు మణికట్లు విరిగాయి. మిగతావాళ్ళకు గీరుకుపోయిన గాయాలు. నరసింహులు మోచేతులు చీరుకుపోయాయి కానీ లేచి నిలబడగలిగాడు. ఫెబా మాత్రం బండి అంచు కింద ఉంది. నలుగురు కలిసి ఎత్తారు. బిడ్డ ఏడవలేదు.

అంబులెన్సు వచ్చేలోగా ఇంకో ఆటో వచ్చి ఆగింది. తోలుతున్నది స్టాండులో అందరికీ పెద్దదిక్కులాంటి జయప్రకాష్. దిగి ఒక్క చూపు చూశాడు.

"ఎందరుండిరి?"

"కూచునేటోళ్ళు ఆరుమంది…"

"నోరు ముయ్యి. ముగ్గురు." గట్టిగా దెబ్బ తగిలిన ముగ్గురు పెద్దలను వేలితో చూపించాడు. "ఈళ్ళు ముగ్గురే బండిలో ఉండిరి. తక్కినోళ్ళు నా బండెక్కి ఊరికి పోండి. ఎక్కువమంది అని తెలిస్తే ఇన్సూరెన్సోడు పైసా ఇయ్యడు. వీనికి లైసెన్సూ పోతాది, ఇల్లూ పోతాది."

అందరికీ నరసింహులు కావలసినవాడు. దెబ్బలు తగిలినవాళ్ళే అతన్ని కాపాడాలని తలలూపారు.

ఫెబాను దారిన పోయే కారులో ఆళ్ళగడ్డ ఆసుపత్రికి చేర్చారు, అక్కడినుంచి నంద్యాలకు పంపారు. అంబులెన్సులో తల్లితోపాటు నరసింహులు కూడా పోయాడు. కాజువాల్టీలో డాక్టరమ్మ బిడ్డ తొడ మీది గాయం కడుగుతూ అడిగింది.

"ఎట్లా తగిలింది?"

"మెట్ల మీదనుంచి పడింది మేడమ్" అన్నది ప్రేమకుమారి.

నరసింహులు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆమె అతన్ని చూడలేదు. డాక్టరమ్మ పట్టకారుతో గాయంలోంచి నల్లటి రాయి ఒకటి తీసి పళ్ళెంలో వేసింది.

"మీ మెట్లకు తారు పోయించినారా?"

మళ్ళీ అడిగినా తల్లి అదే చెప్పింది. అదే రాశారు.

ఎక్స్‌రే వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి చూపించింది. పిల్లల ఎముకల చివర మెత్తటి పొర ఒకటి ఉంటుంది, ఎముక పొడవు పెరిగేది అక్కడినుంచే. దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. ఆపరేషన్ చేస్తారు. అయినా పాప ఎదిగేకొద్దీ ఆ కాలు రెండో కాలితో సమంగా పెరుగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేరు. ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలి.

బయట వరండాలో నరసింహులు అడిగాడు. "మెట్లంటివేందమ్మా?"

"ఇంకేం చెప్పాలన్నా? బండని చెప్తే నీ ఇల్లు పోతాదంట గదా. మా పాపకు దేవుడున్నాడు."

అతనికి ఏడుపు రాలేదు. దాహమేసింది. నీళ్ళు తాగినా దాహం తీరలేదు.

మరుసటిరోజు పొద్దున జయప్రకాష్ అతన్ని నంద్యాలలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. సాయంత్రం ఆళ్ళగడ్డ పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి, అంతకుముందే ఏం చెప్పాలో నేర్చుకోవాలని అతని ఆలోచన. వకీలు ఉమామహేశ్వరమ్మ ఆర్సీ, పాలసీ రెండూ చూసింది.

"బండిలో ఎందరు?"

"ముగ్గురు మేడమ్" అన్నాడు జయప్రకాష్.

"నేను అడిగింది ఆయన్ను. నాకు గూడా అబద్ధం చెప్తే ఫీజు డబుల్."

"పెద్దోళ్ళు ఆరుమంది" అన్నాడు నరసింహులు. "ముగ్గురు ఒళ్ళోవాళ్ళు. వాళ్ళది లెక్క లేదు గదా మేడమ్. బస్సులో గూడా టికెట్ ఉండదు."

ఆమె కళ్ళద్దాలు తీసింది. "టికెట్ లేదంటే దుడ్లు లేవని. మనిషే లేడని కాదు. అట్లాగైతే నీ బండి కింద పడింది ఎవురప్పా?"

ఆమె నెమ్మదిగా విడమరచింది. ఎక్కువమందిని ఎక్కించినందుకు జరిమానా, పర్మిట్ షరతు తప్పినందుకు కేసు, అవి ఒక ఎత్తు. పరిమితి దాటిందని తెలిస్తే కంపెనీ ముందు అసలు కట్టనే కట్టనని వాదిస్తుంది. మామూలుగా కోర్టు దానికి ఒప్పుకోదు. పాలసీ ఎందరికి ఉందో అంతమంది వరకు కట్టమంటుంది. ఈ బండికైతే ముగ్గురు. దెబ్బలు తిన్నవాళ్ళందరికీ పరిహారం లెక్కగడతారు. వాటిలో పెద్దవి మూడు ఎంతైతే అంత కంపెనీ కడుతుంది, దాన్ని అందరికీ సర్దుతారు. తక్కువపడిందంతా బండి ఓనరు ఇచ్చుకోవాలి.

"అంటే కంపెనీ పైసా ఇయ్యదనేది…"

"ఎవురు చెప్పినారు?"

జయప్రకాష్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఇప్పుడు ముగ్గురు పెద్దోళ్ళ పేర్లే రాయిస్తే నీకు పెద్దగా భయం లేదు" అన్నది ఆమె. "ఆ బిడ్డను గూడా చేరిస్తే నాలుగో మనిషి అవుతాది. ఆ బిడ్డదే అందరికంటే పెద్ద దెబ్బ. అప్పుడు నీ ఇంటిదాకా రావచ్చు. ఇది నీకు చెప్పాల్సింది నేను, చెప్పినాను."

"మరి మెట్లమీద పడిందని రాసినారు గదా. ఆ బిడ్డకు ఏం వస్తాది?"

"మెట్లకు ఇన్సూరెన్సు యాడుంటాది?"

నరసింహులు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూచున్నాడు. తనను కాపాడటానికి ఊరంతా కలిసి చేసిన పని ఇదా. పేర్లు రాసిన ముగ్గురు పెద్దలకూ ఎంతోకొంత వస్తుంది. నడక ఏమవుతుందో తెలియని బిడ్డ మాత్రం అసలు బండిలోనే లేకుండా పోయింది. దానికి తనే ముందునుంచీ దారి వేసి పెట్టాడు, రోజూ బండి దగ్గర నిలబడి, అందరూ వినేట్టుగా.

మధ్యాహ్నం ఇంటికి పోయి నాగలక్ష్మికి చెప్పాడు. ఆమె చెరుగుతున్న చాట కింద పెట్టింది.

"ఇల్లు పోతే ఎవురు కట్టిస్తారు? మీ నాయన లేసొచ్చి కట్టిస్తాడా?"

"పోతాదని ఖాయంగా చెప్పలేదు. పోవచ్చు అన్నది."

"నా చేతులు చూడు. ఇవి పోవచ్చు అంటే పోనిచ్చే చేతులా?" చాట పక్కకు నెట్టింది. "ఆ పిల్ల నడుస్తాదా?"

"నడుస్తాదంట. సరిగ్గా నడుస్తాదో లేదో తెలీదంట."

అతను చొక్కా వేసుకొని బయలుదేరేసరికి ఆమె కూడా చెప్పులు తొడుక్కొని వెనకే వచ్చింది. ఎందుకని అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ కాగితం ముందు పెట్టుకున్నాడు. నాగలక్ష్మి గోడ దగ్గర బెంచీమీద కూచుంది.

"బండిలో ముగ్గురు ప్రయాణికులు, అంతేనా?"

"కాదు సార్. తొమ్మిదిమంది."

కానిస్టేబుల్ తలెత్తాడు. "ఏందీ? పాలసీ ముగ్గురికి గదా. నువ్వు చెప్పేది నీ మీదికే వస్తాదని తెలుసా?"

"వకీలు చెప్పింది సార్."

"ఇంట్లో చెప్పినావా?"

నరసింహులు వెనక్కి తిరిగి చూడలేకపోయాడు. బెంచీ కదిలిన చప్పుడైంది. నాగలక్ష్మి వచ్చి బల్ల దగ్గర అతని పక్కన నిలబడింది.

"చెప్పినాడు. రాసుకో సార్. ఎక్కువ దెబ్బ తగిలిన బిడ్డ పేరు ఫెబా. నాలుగేండ్లు. ప్రేమకుమారి కూతురు. నంద్యాల ఆసుపత్రిలో ఉండాది."

కానిస్టేబుల్ పాత కాగితం కొట్టేసి కొత్తది తీశాడు.

"తక్కిన ఇద్దరు బిడ్డల పేర్లు?"

నరసింహులుకు ఆ పేర్లు తెలియవు. నాగలక్ష్మి వైపు చూశాడు. ఆమెకూ తెలియవు.

"కనుక్కొని చెప్తాం సార్" అన్నది ఆమె. "ఆ చోటు ఇడిసిపెట్టి రాయి."